సంతోషం ఎవరి వంతు

ఇంటి కింద లాండ్రీ షాపు వెనక గది. షట్టరు దించేశాక, తోడికోడళ్ళిద్దరూ హోటలు దుప్పట్లు మడతపెడుతున్నారు.

"...అది కాదక్కా, ఆ చివర వేలాడుతున్న మూట. నీలం చీటీది. ఎవరిదని?"

"ఏ మూట?"

"అదే, కవరు తొడిగి ఉంది. నేనొచ్చినప్పటినుంచీ అక్కడే ఉంది. దానికోసం ఎవరూ రాలేదు."

"వస్తార్లే. నీకెందుకు దాని గొడవ? ఆ కొస పట్టుకో. గట్టిగా లాగు. మడత వంకర పోతే హోటలు వాళ్ళు తిప్పి పంపిస్తారు."

"చీటీ మీద నంబరుంది, పేరు లేదు."

"రాయడం మర్చిపోయి ఉంటాను. ఊ, ఇటు నడిచి రా. కొసలు కలుపు."

"లోపల చిన్నపిల్ల గౌన్లున్నాయి."

"కవరు విప్పావా?"

"చిరిగింది. మారుద్దామని విప్పాను."

"విప్పకూడదమ్మాయ్. జనం బట్టలు... సరేలే, అది వదిలెయ్. ఈ రాత్రి సంగతి ఏమన్నా ఆలోచించుకున్నావా? శనివారం ఇవాళ. భోజనాలయ్యాక మామగారు నీ నియమం మాట ఎత్తుతారు."

"ఎత్తుతారు."

"నువ్వొచ్చి నెల దాటింది. నాకయితే కాళ్ళు కడుక్కోనివ్వకుండానే అంటగట్టేశారు. నీమీద కాస్త దయ చూపించినట్టే."

"నాకు ఇవన్నీ కొత్తక్కా. మా ఇంట్లో ఇలాంటివి లేవు. ఆయన్ని అడిగితే, మా నాన్నని అడుగు అంటారు. ఆయన నాన్నని అడిగితే, ఇంట్లో చూసి నేర్చుకో అంటారు. మీరన్నా చెప్పండి."

"చెప్పడానికేముంది? ధ్యానానికి కూర్చునే ముందు మనిషి పది నియమాలు పట్టుకోవాలట. ఇవి చెయ్యకూడదు అని ఐదు, ఇవి చెయ్యాలి అని ఐదు. మామగారు వయసులో ఉండగా ఒక గురువుగారి దగ్గర చేరారు. ఆయన, పదీ ఒక్కసారి నీవల్ల కాదు నాయనా, ముందు ఒకటి గట్టిగా పట్టుకో, మిగతావి దాని వెనకే వస్తాయి అన్నారట. ఈయన ఇంటికొచ్చి బాగా ఆలోచించి, తలా ఒకటి పంచేశారు. ఒక మనిషి పదీ మొయ్యలేడు, ఇల్లు మొయ్యగలదు అని."

"ఇంటిపని పంచినట్టు."

"అంతే. గిన్నెలు నువ్వు, బట్టలు నేను, అబద్ధం చెప్పకపోవడం ఇంకొకరు."

"ఇలా పంచారని ఆ గురువుగారికి తెలుసా?"

"ఒకసారి వచ్చారు. మామగారు అందర్నీ వరసగా నిలబెట్టి, ఇదుగోండి అహింస, ఇదుగోండి అస్తేయం అని చూపించారు. ఆ పెద్దాయన మా అందరి మొహాలూ చూసి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయారు. ఆ రోజు ఆయనకి ఉపవాసం అని మామగారు ఇప్పటికీ చెప్పుకుంటారు."

"మరి శనివారం కూర్చోబెట్టడం?"

"అదీ ఈయన ఎక్కడో చదివిందే. బౌద్ధ భిక్షువులు అప్పుడప్పుడు ఒకచోట కూర్చుని, ఎవరి తప్పు వాళ్ళు ఒప్పుకునేవాళ్ళట. మనింట్లో కాస్త తేడా. ఎవరి తప్పు వాళ్ళు చెప్పరు, పక్కవాళ్ళది చెబుతారు. ఆ దుప్పటికి మరకేదో ఉంది, పక్కన పడెయ్. మళ్ళీ ఉతకాలి."

"అత్తయ్యగారిది అహింస కదా. నన్ను ఇంతవరకూ గట్టిగా ఒక మాట కూడా అనలేదు."

"అనదు. చీమని కూడా తొక్కదు ఆవిడ. గదిలో దోమ కనిపిస్తే నన్ను పిలుస్తుంది. నాది అహింస కాదుగా, నేను చంపొచ్చు. ఎలకల బోను పెట్టేది నేను, బకెట్లో ముంచేది నేను. అంతసేపూ ఆవిడ పక్కగదిలో కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. అయిపోయిందా అని అడిగి, అప్పుడు తెరుస్తుంది."

"మీ పాపని కూడా కొట్టరు. చూశాను."

"కొట్టదు. ఆ మధ్య పిల్ల గాజుగ్లాసు పగలగొడితే, ఆ పెంకుల మధ్యే నిలబెట్టింది. ఒట్టి కాళ్ళతో. కదిలితే గుచ్చుకుంటాయి, కదలకు అంది. చూశావా, చెయ్యెత్తలేదు అని నాతో చెప్పింది కూడా. నిలబెట్టడం హింస కిందికి రాదట."

"మీరు ఏమీ అనలేదా?"

"ఏమంటాను? మామగారిది చూడు, అపరిగ్రహం. ఏదీ సొంతానికి ఉంచుకోకూడదు. షాపు కొడుకుల పేర పెట్టేశారు. దువ్వెన కూడా లేదు ఆయనకి. నా దువ్వెన, మీ ఆయన చెప్పులు, మా ఆయన చొక్కాలు. వానాకాలమంతా నా గొడుగు ఆయన చేతిలోనే. నేను పిల్లని బడినుంచి తడుచుకుంటూ తీసుకొచ్చేదాన్ని. ఆయన్ని చూసి వీధివీధంతా దణ్ణం పెడుతుంది."

"ఆయన దాపరికం లేని మనిషి. మా ఆయన సంగతి చెబుతున్నా."

"మీ ఆయన బంగారం, కాదనను. అస్తేయం, అంటే దొంగతనం చెయ్యకపోవడం. బట్టల జేబుల్లో దొరికింది దొరికినట్టు తెచ్చి బల్లమీద పెడతాడు. ఉంగరం కానీ, పెన్ను కానీ. అక్కణ్ణించి అత్తయ్య తీసుకెళ్తుంది. ఆవిడది అస్తేయం కాదుగా."

"ఆయనకి తెలుసా?"

"పెట్టడం వరకే తన పని అనుకుంటాడు. వెనక్కి తిరిగి చూడడు. చూడకపోవడం దొంగతనం కాదు కదా."

"బావగారిది?"

"ఆయనదా. బ్రహ్మచర్యం. అలా నేలచూపులు చూడకు. పిల్ల పుట్టిన ఏడాదికి, శనివారం అందరి ముందూ లేచి తీసుకున్నారు. తండ్రి వెన్ను తట్టాడు, తల్లి కళ్ళు తుడుచుకుంది. అందులో సగం నాది కూడా కదా, ముందు నాతో ఒక మాట అనొచ్చుగా. అనలేదు. పరుపు వేరే గదిలోకి మార్చమన్నారు, మార్చాను. రాత్రి పిల్ల ఏడిస్తే మనసు చెదురుతుందని తలుపేసుకుంటారు."

"మీది సంతోషం."

"నాది సంతోషం."

"అదెలా ఉంటుందక్కా?"

"అన్నిట్లోకీ తేలిక. అందుకే అసలు ఈ మాట ఎత్తాను. ఉపవాసాల్లేవు, చన్నీళ్ళ స్నానాల్లేవు, చదవడాల్లేవు. ఉన్నదాంతో సరిపెట్టుకోవడమే. శనివారం మామగారు అడుగుతారు, అమ్మాయ్, ఈ వారం నీకేమన్నా లోటొచ్చిందా అని. లేదు మామయ్యా అంటాం. అయిపోయింది. ఈ రాత్రి నువ్వు అది అడుగు."

"మీది నేనడిగితే మీకు?"

"ఇస్తాను. ఇష్టపడి అడిగినవాళ్ళకి ఇచ్చెయ్యొచ్చు, మామగారు కాదనరు. చెల్లెలి లాంటిదానివి, నీకు తేలికైంది ఉంటే నాకంతే చాలు. నేను శౌచం తీసుకుంటా, ఖాళీగానే ఉంది. రోజంతా మురికి వదలగొట్టేదాన్ని, శుభ్రం నాకు కొత్తా?"

"అంత తేలికైంది మీరెందుకు వదులుకుంటున్నారు?"

"దుప్పటి నేలకి తగుల్తోంది చూడు."

"అక్కా, మీ చేతిమీద ఆ మచ్చ ఏమిటి?"

"ఏది? ఇదా, పాతది. ఇస్త్రీ ప్రెస్సు పడింది."

"ఈ పెద్ద ప్రెస్సా? అంత వేడిది?"

"ఒక శుక్రవారం పడింది. మర్నాడు రాత్రి మామగారు అడిగారు, లోటేమన్నా ఉందా అని. చెయ్యి బల్లకింద పెట్టుకుని, లేదన్నాను. రెండో చేత్తో అన్నం తిన్నాను."

"డాక్టరు దగ్గరికి?"

"మండుతోంది అని చెబితే కదా డాక్టరు. చెబితే అది ఫిర్యాదు. ఫిర్యాదు చేస్తే సంతోషం తప్పినట్టు."

"తప్పితే ఏం చేస్తారు?"

"ఏం చెయ్యరు. అహింస ఉన్న ఇల్లు కదా. మాట్లాడరు, అంతే. ఆ శనివారం నుంచి మళ్ళీ శనివారం దాకా ఎవరూ మాట్లాడరు. నువ్వు అడిగితే గోడకేసి చూస్తారు. కంచం మెట్లమీద పెడతారు. పిల్లని నీ దగ్గర పడుకోనివ్వరు, అసంతృప్తి అంటుకుంటుందని. మొదట్లో రెండుసార్లు అయింది నాకు. పిల్ల తలుపు అవతల నిలబడి అమ్మా అంటుంది, నేను ఇవతలనుంచి పలకకూడదు. పలికితే ఇంకో వారం."

"తేలికన్నారు."

"అన్నాను."

"మీకు పన్ను నొప్పి కూడా ఉంది కదా. ఎడమవైపు నమలరు మీరు."

"నీ కళ్ళు బాగానే పనిచేస్తున్నాయే. ఇంకా ఏం చూశావేమిటి?"

"చూడ్డం తప్ప నాకు ఇంకా పనేం అప్పజెప్పారు? అక్కా, మన ఆడపడుచు, వదినగారు ఎందుకు వెళ్ళిపోయారు? మా పెళ్ళికి కూడా రాలేదు. అడిగితే ఆయన లేచి వెళ్ళిపోయారు."

"ఆవిడ మాట ఈ ఇంట్లో ఎత్తకూడదు."

"ఇక్కడ మనిద్దరమే ఉన్నాం."

"ఆవిడది సత్యం. ఏది అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అడక్కపోతే చెప్పక్కర్లేదు, అడిగితే మాత్రం దాచకూడదు. ప్రతి శనివారం నా సంగతి నా తర్వాత ఆవిణ్ణి అడిగేవాళ్ళు. మీ వదిన నిజంగా సంతోషంగా ఉందా అమ్మా అని. లేదు నాన్నా, మంగళవారం స్నానాల గదిలో ఏడ్చింది, నేను విన్నాను అనేది. చెడ్డది కాదు. చెప్పాక నాకేసి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. చెప్పేది మాత్రం మానేది కాదు."

"అందరూ నిజమే చెప్పొచ్చుగా. ఒక్కరికే ఎందుకు?"

"అందరూ నిజం చెప్పే ఇంట్లో వినేవాడెవడు? ఒకరోజు ఒకావిడ వచ్చింది. కోటు జేబులో ముత్యాల కమ్మలు మర్చిపోయానమ్మా, మా అమ్మవి అని. అత్తయ్య గల్లా దగ్గర కూర్చుని ఉంది. ఆ కమ్మలు అత్తయ్య చెవులకే ఉన్నాయి. జుట్టు చెవులమీదికి లాక్కుని, మాకేం దొరకలేదండీ అంది. ఆ వచ్చినావిడ వెళ్ళబోతూ, గుమ్మంలో మన ఆడపడుచు కనిపిస్తే, నీకేమన్నా తెలుసా అమ్మా అని అడిగింది."

"చెప్పేశారు."

"మా అమ్మ చెవులకున్నాయి అంది. అంతే నెమ్మదిగా, అంతే మామూలుగా. అత్తయ్య అవి మా పుట్టింటివని ఒట్లు పెట్టింది. ఆవిడ నమ్మలేదు, కానీ ఏం చేస్తుంది, పోయింది. ఆ రాత్రి కూర్చోబెట్టారు. కూతురే అబద్ధమాడిందని తేల్చారు, సత్యం తప్పిందన్నారు. అందరూ ఒక్కటే మాట. ఆ పిల్ల నావైపు తిరిగింది. వదినా, కోటు జేబులోంచి తీసింది నువ్వే కదా, ఒక్క మాట చెప్పు అంది."

"మీరేమన్నారు?"

"నాది సత్యం కాదు కదా అన్నాను. అందరూ నవ్వారు. మామగారు కూడా. బాగా చెప్పావన్నారు. ఆ పిల్ల మర్నాడు పొద్దున్నే బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. ఎక్కడుందో తెలీదు."

"మీకు బాధ వెయ్యలేదా?"

"ప్రాణం లేచొచ్చింది. ఇంక నా మీద చెప్పేవాళ్ళు లేరు కదా అని. ఆ రాత్రి ఎన్నాళ్ళకో హాయిగా, గట్టిగా ఏడ్చాను. అలా చూడకు. నువ్వు నా చోట ఉంటే నువ్వూ అదే అనేదానివి."

"ఏమో. అనేదాన్నేమో. ఆవిడ వెళ్ళాక సత్యం ఎవరికిచ్చారు?"

"ఎవరికీ ఇవ్వలేదు, అలాగే ఉంది. అది లేకపోయినా ఇల్లు నడుస్తుందట. సంతోషం మాత్రం ఒక్కపూట కూడా ఖాళీగా ఉండకూడదంటారు మామగారు. అదొక్కటీ ఎవరో ఒకరు పట్టుకుని ఉంటేనట, మిగతావాళ్ళ నియమాలు నిలబడేది. నాకు ముందు అత్తయ్యది అది. నేను లోపలికి అడుగు పెట్టగానే నా చేతిలో పెట్టేసి, ఆవిడ అహింస తీసుకుంది. ఆ రోజు ఆవిడ మొహం చూడాల్సింది. పదేళ్ళు చిన్నదైపోయింది."

"మరి మీరు లేకపోతే?"

"నేను లేకపోవడమేమిటి?"

"ఎప్పుడన్నా మీరు ఈ ఇంట్లో లేకపోతే, సంతోషం ఎవరికొస్తుంది?"

"ఇంకెవరున్నారు? నీకే. ఇదుగో, ఇలా ఇద్దరం మడత పెడుతూ కూర్చుంటే తెల్లారుతుంది. ఆ దిండుగలీబులు ఇటివ్వు."

"పాపకి ఆ చెవి పుట్టుకతోనేనా?"

"ఏ చెవి?"

"కుడివైపునుంచి పిలిస్తే పలకదు."

"పుట్టుకతో కాదు. రెండో క్లాసులో ఉండగా జ్వరమొచ్చింది. చెవిపోటు. ఒళ్ళు కాలిపోతోంది, దిండంతా చీము. నేను వెళ్ళి మామగారి ముందు నిలబడ్డాను. ఏమ్మా, లోటేమన్నా ఉందా అన్నారు. ఆయన మామూలుగానే అడిగారు. నా నోటికి అలవాటైపోయిన మాట వచ్చేసింది. లేదు మామయ్యా అన్నాను. అని, వచ్చేశాను. నా పిల్ల కాలిపోతుంటే, లోటేం లేదని చెప్పి వచ్చేశాను నేను. వాళ్ళమీద నాకెంత కోపమో, నా నాలుకమీద అంతకి రెట్టింపు."

"తర్వాత?"

"తర్వాత బడిలో టీచరు చూసి, తనే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ చెవి పోయిందన్నారు. రెండోది జాగ్రత్త, నీళ్ళు పోనివ్వకండి అన్నారు. వచ్చే నెల దానికి పదేళ్ళు నిండుతాయి. మామగారు దానికి తపస్సు ఇస్తారట. చీకటుండగానే లేచి తలమీంచి చన్నీళ్ళు. నాలుగు చెంబులతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలట. బకెట్టు కూడా కొనుక్కొచ్చారు, దానికని చిన్నది. ఎర్రది."

"చెవి సంగతి చెప్పలేదా?"

"ఏమని చెప్పను? చెబితే ఫిర్యాదు. వారంపాటు గోడలకేసి చూస్తారు, నన్ను తలుపవతల పెట్టి దాని తలమీద నీళ్ళు పోస్తారు. అందుకే నిన్ను అడుగుతున్నా. ఈ రాత్రి నువ్వు సంతోషం తీసుకున్నావనుకో, నా నోరు నాది. అక్కడికక్కడే లేచి, నా కూతురికి వద్దు అంటాను. వద్దు అన్న మాట నేననక పదకొండేళ్ళయింది. ఒక్కసారి అననియ్యమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"వద్దు, లేవండక్కా. అది నేను తీసుకోలేను."

"ఒక్క నెల. తర్వాత మళ్ళీ నేనే తీసుకుంటా."

"నాకు భయమేస్తోంది. రేపు నాకూ పిల్లలు పుడతారు. ఇందాకటిదాకా తేలికని చెప్పారు నాతో. నవ్వుతూ చెప్పారు."

"అబద్ధం చెప్పాను. నాది సత్యం కాదని తెలుసుగా."

"తెలుసు."

"సరే. పోనీ. నిన్నని లాభం లేదు. నువ్వు కాదంటే ఇంకో దారి ఉంది. ఉందని ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. ఆ మూట..."

"మీది."

"ఎలా తెలుసు?"

"నీలం గౌను జేబు దగ్గర మీ కుట్టుంది. పాప మొన్నటిదాకా అదే వేసుకునేది. మీ ఉన్ని చొక్కా కూడా ఉంది అందులో."

"తెలిసే అడిగావా ఎవరిదని?"

"మీ నోటితో వినాలని."

"గడుసుదానివే. నోట్లో నాలుక లేనిదనుకున్నాను నిన్ను. సరే, విను. ఇంట్లో పెట్టె సర్దితే పట్టేస్తారు. ఇక్కడ ఇన్ని మూటలమధ్య ఇంకో మూట ఎవరు చూస్తారు? వారానికి ఒకటీ రెండూ చొప్పున తెచ్చి ఉతికి, ఇస్త్రీ చేసి, చీటీ కట్టి వేలాడేశాను. అత్తయ్య దాని పక్కనుంచే రోజుకి పదిసార్లు నడుస్తుంది. ఒకసారి కవరు నలిగిందని తనే సరిచేసింది కూడా."

"ఎక్కడికి వెళ్తారు?"

"ఈ దుప్పట్లు ఎవరివి? ఆ హోటలే. స్టేషనుకెదురుగా ఉన్నది. కింద వాళ్ళకి సొంత లాండ్రీ పెడుతున్నారు. గదులు చూసుకునే పెద్దావిడ నా మడత చూసి, ఎవరమ్మా ఇది చేసేది అని కనుక్కుని మరీ అడిగింది. పని ఇస్తానంది, పైన చిన్న గది కూడా. కిటికీ లేదట. ఏం ఫర్వాలేదు. దానికి చెవి ఉంటే చాలు, నాకు కిటికీ ఎందుకు?"

"ఎప్పుడు?"

"రేపే. ఆరింటికి వాళ్ళ వ్యాను వస్తుంది దుప్పట్లకి. ఆదివారం కదా, అందరూ డాబామీద ధ్యానంలో ఉంటారు. మూట తీసుకుని, పిల్లని తీసుకుని వెనకనుంచి ఎక్కేస్తాను. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. వెనక తలుపు తాళంచెవి మీ గదిలో మేకుకి ఉంటుంది. పొద్దున్నే తాళం తీసి ఉంచు. నన్ను చూడక్కర్లేదు, సాగనంపక్కర్లేదు. తీసి, వెళ్ళి కళ్ళు మూసుకుని కూర్చో."

"బావగారికి తెలుసా?"

"తలుపేసుకునేవాడికి ఏం తెలుస్తుంది?"

"పాపకి?"

"చెప్పలేదు. దానికి రహస్యం చెప్పాలంటే గట్టిగా చెప్పాలి. నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలీదు. చెప్పాక గుండె తేలికైందమ్మా. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఒక మనిషితో ఇంతసేపు నిజం మాట్లాడ్డం ఇదే."

"పైనుంచి పిలుస్తున్నారు."

"విన్నాను. వస్తున్నాం అత్తయ్యా, ఇదుగో, అయిపోయింది. తీస్తావు కదూ తాళం? తలూపితే చాలు."

"ఈ రాత్రి నన్ను అడుగుతారక్కా."

"ఏమని? ఏ నియమం కావాలనేగా. నీకిష్టమైంది చెప్పుకో, ఇంక నేను బలవంతపెట్టను. స్వాధ్యాయం తీసుకో, పుస్తకం పట్టుకుని కూర్చోవచ్చు."

"అది అడగరు. నిన్న సాయంత్రమే ఇచ్చేశారు. ఈ రాత్రి అందరికీ చెబుతారంతే."

"ఇచ్చేశారా? ఏది?"

"వదినగారిది."

"సత్యమా?"

"కొత్తదానివి, నీకింకా అబద్ధాలు అలవాటు కాలేదు, నీకే నప్పుతుంది అన్నారు మామగారు. అత్తయ్యగారు నా తల నిమిరారు."

"ఇందాకటినుంచీ... ఇంకా ఏదీ ఇవ్వలేదని కదా నువ్వు..."

"ఇవ్వలేదని నేనెక్కడా అనలేదక్కా. మీరే అనుకున్నారు. పొద్దుట్నుంచీ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు నేను. ఎంత కష్టంగా ఉందో."

"నేనేం చేశానే నిన్ను?"

"మీరేం చెయ్యలేదు. మీరు వెళ్ళిపోతే సంతోషం నాకొస్తుంది, మీరే చెప్పారు. సత్యం ఎలాగూ నాదే. రెండూ ఒక్క మనిషి మొయ్యగలదా? ప్రతి శనివారం లోటుందా అని అడుగుతారు. ఉందంటే సంతోషం తప్పుతుంది. లేదంటే సత్యం తప్పుతుంది. ఇంక నాతో ఏ వారం మాట్లాడతారు? నా కంచం మెట్లమీదే ఉంటుంది జీవితాంతం."

"నువ్వూ వచ్చెయ్. వ్యానులో చోటుంది. ముగ్గురం ఆ గదిలోనే సర్దుకుందాం. నీకూ పని ఇప్పిస్తా, నీ మడత కూడా బాగానే ఉంటుంది. నేను దగ్గరుండి నేర్పలేదూ?"

"నాకెందుకక్కా? నాకు ఇంకా ఏ లోటూ రాలేదు."

"పసిపిల్లమ్మా అది. దాని మొహం గుర్తుతెచ్చుకో. నిన్ను పిన్నీ పిన్నీ అని కొంగు పట్టుకు తిరుగుతుంది."

"తిరుగుతుంది. పాపంటే నాకు చాలా ఇష్టం. ఇదీ నిజమే."

"అయితే ఒక్కటి చెయ్యి. అబద్ధం చెప్పొద్దు. తాళం తియ్యొద్దు, నేనే ఏదో ఒకటి చూసుకుంటా, కిటికీలోంచి దూకుతా. అడక్కపోతే చెప్పక్కర్లేదు, నీ నియమం అంతే. అవునా? వాళ్ళకి ఆ మూట సంగతే తెలీదు. తెలియనిది ఎవరూ అడగరు. నువ్వు నోరు మూసుకుని అన్నం తిను చాలు. అడక్కపోతే చెప్పవుగా? ఆ మాటివ్వు."

"అడక్కపోతే చెప్పను. ఒట్టు."

"నిజంగా?"

"నేను నిజం తప్ప చెప్పకూడదు కదక్కా."

"అమ్మయ్య. చచ్చి బతికాను. చల్లగా ఉండు తల్లీ. ఆ చెయ్యి ఇలా ఇవ్వు, లేస్తాను. పద, మళ్ళీ పిలుస్తున్నారు."

"మొహం తుడుచుకోండి, ఇదుగో తువ్వాలు. కాస్త నవ్వుతూ రండి. మీది సంతోషం కదా."

"నవ్వుతాలే. అలవాటేగా. దీపం ఆర్పేసి రా."

"ఆర్పుతాను. అక్కా, ఒక్క మాట. ఆ నీలం చీటీ మూట ఎవరిదో రాత్రి అందరి ముందూ నన్ను అడగమని, పొద్దున్నే అత్తయ్యకి చెప్పాను."